పేడ మీద పుట్టగొడుగులు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రశ్న: వానలు మొదలైనప్పటి నుంచి మా కొట్టం వెనక పెంటదిబ్బ మీద రకరకాల గొడుగులు లేస్తున్నాయి. పొద్దున బూడిదరంగులో ఉన్నవి మధ్యాహ్నానికి నల్లగా కారిపోతున్నాయి. పేడలోకి ఇవెలా వస్తాయి? వండుకోవచ్చా? (ఓ పాఠకురాలు, ప్రకాశం జిల్లా)

జవాబు: వండుకోవద్దండీ. పేడ మీద పెరిగేవాటిలో మతి తప్పించే రకాలున్నాయి, చూసి గుర్తుపట్టడం కష్టం, పిల్లల్నీ ముట్టుకోనివ్వకండి.

ఎలా వస్తాయంటారా, చాలావరకు పశువు పొట్టలోంచే. గడ్డికి అంటుకున్న సిద్ధబీజాలు (గొడుగులు, బూజులు విత్తనాల్లా వదిలే సన్నటి రేణువులు) మేతతో లోపలికి పోయి, అరగకుండా పేడతో బయటికొస్తాయి. పొట్టలోని వేడి, జీర్ణరసాలు తగిలితేనే మొలకెత్తే రకాలు కూడా ఉన్నాయి. అన్నీ ఒకేసారి రావు. తాజా పేడలో తేలిగ్గా దొరికే చక్కెరల కోసం ముందు మ్యూకర్, పైలోబోలస్ లాంటి బూజులు, తర్వాత ఆస్కోబోలస్ లాంటి బుల్లి గిన్నెల ఆకారపు బూజులు, సోర్డేరియా నల్ల బుడిపెలు, చివరికి మొండి పీచును కూడా కరిగించే గొడుగులు. మీరు చూసిన కారే గొడుగులు బహుశా ఇంకు టోపీలు, కోప్రినాప్సిస్ లేదా దాని దగ్గరి చుట్టాలు. అవి కుళ్లిపోవడం లేదు, బీజాలు గాల్లోకి పోయేకొద్దీ అంచు నుంచి టోపీని తామే కరిగించుకుంటున్నాయి.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైంది పైలోబోలస్. సెంటీమీటరు కూడా ఉండదు చాలాసార్లు, గాజులాంటి కాడ, పైన నీటి బుడగ, దాని నెత్తిన బీజాలు నిండిన నల్లటి టోపీ, అంతే. పశువులు తమ పేడ పక్కన మొలిచిన గడ్డిని మేయవు కదా, అందుకని దీని బీజాలు దూరంగా పడితే తప్ప మళ్లీ పొట్టలోకి పోలేవు. కాడ వెలుతురు వైపు వంగుతుంది, బుడగలో ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా పేలి టోపీని రెండు మీటర్ల దాకా విసిరేస్తుంది, అది జిగురుతో గడ్డిపోచకు అంటుకుపోతుంది. పశువుల ఊపిరితిత్తుల్లో చేరే ఒక రకం పురుగు పిల్లలు కూడా దీని కాడ ఎక్కి ఈ టోపీతో పాటే ఎగిరి పచ్చగడ్డి మీద పడతాయి!

ఇంట్లోనే చూడొచ్చు. గాజు సీసాలో తడి కాగితం పరిచి, తాజా మేక పెంటికలు కొన్ని వేసి, మూత వదులుగా పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచే పడేలా కిటికీ దగ్గర ఉంచండి. వారం లోపే చాలాసార్లు కాడలు లేస్తాయి, వెలుతురు వైపు గాజు లోపల నల్ల చుక్కలు పడతాయి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసాను మళ్లీ వంటింట్లో వాడకండి.