సైకిల్ తొక్కితే రాని నొప్పి, నడిస్తే ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. కవిటి మండలంలో కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. షుగర్ ఉంది. ఏడాదిగా కొంచెం దూరం నడిచేసరికి పిక్కలు లాగేసి, పాదాలు మొద్దుబారుతున్నాయి. గట్టు మీద కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. సైకిల్ మీద మాత్రం హాయిగా తోటకి వెళ్లొస్తారు. ఊళ్లోనే నొప్పి ఇంజక్షన్లు చేయించుకుంటున్నారు. ఎమ్మారై చూసిన డాక్టర్ నడుము దగ్గర వెన్ను కాలువ ఇరుకైందని, ఆపరేషన్ చేయాలని అన్నారు. చేయించకపోతే కాళ్లు పడిపోతాయేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మందులతో తగ్గదా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ భయం తీసేయండి. ఈ జబ్బులో ఉన్నట్టుండి కాళ్లు పడిపోవడం చాలా అరుదు. చాలామందిలో ఏళ్ల తరబడి పెద్దగా మార్పు లేకుండా ఉంటుంది, కొందరికి కొంత తగ్గుతుంది కూడా. కాబట్టి ఆలోచించుకోవడానికి మీకు సమయం ఉంది.

మీరు రాసిన సైకిల్ సంగతి నాకు ఎమ్మారై అంత ముఖ్యం. వయసుతో డిస్కులు అరిగి, కీళ్ల దగ్గర ఎముక పెరిగి, లిగమెంట్లు మందమై నరాలకు చోటు తగ్గుతుంది. నిటారుగా నిలబడితే ఆ చోటు ఇంకా ఇరుకవుతుంది, ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. హ్యాండిల్ మీదికి వంగి తొక్కుతారు కనుకే సైకిల్ మీద నొప్పి రాదు. అదే కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయి ఉంటే సైకిల్ తొక్కినా పిక్కలు పట్టేస్తాయి, కూర్చోనక్కర్లేకుండా, ఆగి నిలబడినా తగ్గిపోతాయి. షుగర్ ఉంది కాబట్టి పాదాల్లో నాడి ఒకసారి చూపించండి. రాత్రిపూట అరికాళ్లు మంటలు పుడుతుంటే అది షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు కావచ్చు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బి12 విటమిన్ తగ్గి కూడా నరాలు దెబ్బతినొచ్చు, ఆ పరీక్ష కూడా చేయించండి. వెన్ను ఆపరేషన్‌తో ఈ రెండూ తగ్గవు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ ఇంజక్షన్లు. మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీలకు రక్తప్రసారం తగ్గిస్తాయి. షుగర్, వయసు, ఎండలో పనిచేసి నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోవడం తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. దయచేసి వాటిని ఈరోజే ఆపించండి. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఈ వారంలోనే చేయించండి. కిడ్నీ బాగోలేకపోయినా చాలాకాలం ఏమీ తెలియదు. అందుకే ‘నాకేం లేదు’ అని ఆయన అన్నా వినకండి. నొప్పి మరీ ఎక్కువైన రోజున డాక్టర్ చెప్పిన మోతాదు దాటకుండా పారాసెటమాల్ వాడొచ్చు.

నరాల నొప్పికని రాసే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ కొందరికి పనిచేస్తాయి గానీ, ఈ జబ్బులో వాటి మేలు అంతంతమాత్రమే. అవి కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి కనుక క్రియాటినిన్ చూసి మోతాదు తగ్గించాలి. మత్తు, తల తూలడం ఉంటాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లున్నారు. కొన్ని వారాలు వాడినా తేడా లేకపోతే డాక్టర్‌తో చెప్పి మెల్లగా తగ్గించి ఆపాలి. ఒక్కసారిగా మానకూడదు.

వ్యాయామం మాత్రం తప్పనిసరి. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని రోజూ చేయాలి. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ ఛాతీ వైపు లాక్కుని కాసేపు పట్టి ఉంచడం, పొట్ట కండరాలు గట్టిపడే వ్యాయామాలు ఇందులో ఉంటాయి. నడుము వెనక్కి విరిచేవి వద్దు. సైకిల్ మానిపించకండి, ఆయనకు అదే మంచి వ్యాయామం. నడిచేటప్పుడు చేతికర్ర పట్టుకుని కొద్దిగా ముందుకు వాలితే ఇంకొంచెం దూరం వెళ్లగలరు.

వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ కొందరికి కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, ఇరుకుని మాత్రం తగ్గించదు. ఆ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, గమనించుకోవాలి.

మూడు నుంచి ఆరు నెలలు ఇవన్నీ సరిగ్గా చేసినా తోటకి వెళ్లలేక, ఇంట్లోనే కూలబడిపోతుంటే ఆపరేషన్ మంచి మార్గమే. కాళ్ల నొప్పి, నడక బాగా మెరుగవుతాయి. నడుము నొప్పి అంతగా తగ్గకపోవచ్చు, పాత తిమ్మిరి కొంత మిగలొచ్చు. రాడ్లు, స్క్రూలు వేయాలంటే మాత్రం ఎందుకని అడగండి. నరాల మీది ఒత్తిడి తీసేయడంతో పాటు ఎముకలు బిగించినా అదనపు మేలు కనిపించలేదని 2016లో వెలువడిన స్వీడన్ అధ్యయనం చెప్పింది. పూస బాగా కదిలిపోతున్నవాళ్లకు అవి అవసరం కావచ్చు. ఇంకో సర్జన్ అభిప్రాయం కావాలంటే విశాఖ కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందేమో నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కనుక్కోండి.

వారానికోసారి ఆయన్ని మడమల మీద నాలుగడుగులు నడిపించి చూడండి. ఒక పాదం లేవకుండా జారిపోతుంటే కొన్ని రోజుల్లోనే సర్జన్‌కి చూపించాలి. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, వెన్ను ఆపరేషన్ చేయగలిగే ఆస్పత్రికి తీసుకెళ్లండి.