ఐదేళ్ళ ప్లాన్ పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ మెయిల్ చూశా. ముందు ఆ సర్ అనడం మానెయ్, బాబాయ్ అను చాలు. కథలు పంపుతావనుకుంటే ఎక్సెల్ షీట్ పంపావేంటి తల్లీ! జనవరిలో విజయవాడ పుస్తకాల పండగ మొదలయ్యేలోపు కథల సంపుటి ప్రింట్, తర్వాత రెండేళ్ళు నవల, 35 నిండేలోపు సాహిత్య అకాడెమీ యువ పురస్కారం, ఆపైన మూడు నవలల సిరీస్... మూడో నవలకి పేరు కూడా పెట్టేశావు, మూడో కథ మాత్రం మూడు నెలలుగా తేలట్లేదని కింద నువ్వే రాశావు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనేది మా అమ్మ, గుర్తొచ్చి నవ్వుకున్నా. నిన్ను చూసి కాదులే, నన్ను చూసి. నా దగ్గరా ఇలాంటిదొకటి ఉంది, కాకపోతే బౌండు నోట్‌బుక్కు.

పెద్దవాళ్ళందరూ ఏళ్ళ ముందే ప్లాన్ చేసుకుని రాశారా అని అడిగావు. కొందరు చేసుకున్నారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో తలపెట్టారు, ఆయనంత పద్ధతిగా పనిచేసినవాళ్ళు మనలో తక్కువ, అయినా 1923లో ఆయన పోయేనాటికి పని ఇంకా వర్ణమాల మొదట్లోనే ఉంది.

భారతం సంగతి ఇంకా చిత్రం. నన్నయ 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోసం మొదలుపెట్టి, ఆది సభా పర్వాలు దాటి, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల పద్యం దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఆగాలని ఎవరైనా ప్లాన్ చేసుకుంటారా? 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి ఆ మిగిలిన ముక్క జోలికే పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు రాసేశాడు. ఎందుకు వదిలాడంటే రకరకాల కథలు చెప్తారు, అరణ్యపర్వం ముట్టుకుంటే అరిష్టమని కూడా అంటారు, నాకైతే నమ్మబుద్ధి కాదు. నాకు నచ్చేది, మధ్యలో అంత గుంట పెట్టుకుని ముందుకెళ్ళిపోయాడు చూడు, అదీ. తర్వాత 14వ శతాబ్దంలో ఎర్రన ఆ గుంట పూడ్చి దాన్ని మళ్ళీ రాజరాజుకే అంకితమిచ్చాడు. ముగ్గురూ కూర్చుని వేసుకున్న ప్లాన్ కాదు కదా ఇది. నీ మూడో కథని అక్కడే వదిలెయ్, నాలుగోది రాయి.

సరే, నా నోట్‌బుక్కు గురించి చెప్తా. తొంభైల్లో నందికొట్కూరులో బ్యాంకు ఉద్యోగం, కౌంటర్ దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది శ్రీశైలం ముంపు ఊళ్ళ వాళ్ళే, 1981లో ఇళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళు. (కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు, సంతోషమే, గుడికి వేసినంత ప్లాను మనుషులకి వెయ్యలేదు అంతే.) వాళ్ళ మీద నవల రాద్దామనుకున్నా. 40 చాప్టర్లు, ఒక్కోదానికి రెండేసి పేజీల నోట్స్, ఊరి మ్యాపు, వంశవృక్షం, పిల్లల చదువులయ్యాక మొదలుపెట్టి రిటైరయ్యాక ముగించాలని టైం టేబుల్ కూడా. ఎవరైనా నవల ఎంతవరకొచ్చిందోయ్ అంటే ప్లానింగ్ అయిపోయింది అనేవాణ్ణి, సగం రాసేసినంత తృప్తిగా ఉండేది, అందుకే రాయలేదు. ఇరవై ఏళ్ళు.

రిటైరయ్యాక ఒక పుట్టి నడిపే పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళా. ఒకప్పుడు నా కౌంటర్ ముందు నిలబడి కృష్ణలో రేవులు, మడుగులు, రాళ్ళు అన్నీ పేర్లతో గడగడా చెప్పిన మనిషి. గట్టిగానే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టాడు, టీ తెప్పించాడు. పేర్లు అడిగితే నాలుగు చెప్పి ఆగిపోయాడు. "నీళ్ళ కిందికి పోయినాయి కద సార్, మళ్ళా పలికే పని పడలే" అన్నాడు. ఇంటికొచ్చి నోట్‌బుక్కు తీస్తే ఏడో చాప్టర్ కింద నా చేత్తోనే రాసుంది, రేవుల పేర్లు, అడగాలి, అని.

నవల రాశాలే చివరికి. 40 కాస్తా 17 అయ్యాయి, ఏడోది లేదు.

అలాగని ప్లానే వద్దంటానా, ఒకసారి ఏ ప్లానూ లేకుండా వీక్లీకి సీరియల్ ఒప్పుకుని ఏ వారానికావారం రాస్తుంటే హీరోయిన్ తమ్ముడి పేరు మధ్యలో మారిపోయింది, పాఠకులు ఊరుకుంటారా, పోస్టుకార్డులే పోస్టుకార్డులు. జనవరికి పుస్తకం అంటున్నావు కాబట్టి ప్రూఫులకి రెండు నెలలు పక్కన పెట్టుకో, యూనికోడ్ నుంచి ప్రెస్సువాళ్ళు వాడే 'అను' ఫాంట్స్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, డీటీపీ వాళ్ళు చూస్తారులే అనుకోకు. 500 కాపీలు చాలు. అవార్డు కాలమ్ డిలీట్ చెయ్, దాని బదులు ఎవరెవర్ని ఏం అడగాలో ఒక కాలమ్ పెట్టి అందులో తేదీలు ఈ నెలవే వెయ్యి. మీ తాతగారు మగ్గం నేసేవారన్నావు కదా, ఆయన్నుంచి మొదలుపెట్టు.

వేసవిలో శ్రీశైలం డ్యాం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి (అలంపురానికి తెచ్చింది కాదు, ఇది వేరే) బయటపడుతుంది, ఏటా వెళ్తుంటా, నువ్వూ రా. ఏ వారమో ఇప్పుడే చెప్పలేను, డ్యాంలో నీళ్ళని బట్టి ఉంటుంది, తేలగానే ఫోన్ చేస్తా.

మీ బాబాయ్