ఒకే వేరియంట్ రెండుగా కనబడుతుంటే

రెండు ల్యాబుల వీసీఎఫ్ ఫైళ్లు (డీఎన్ఏలో కనిపించిన మార్పుల జాబితాలు) కలిపితే ఒకే వేరియంట్, అంటే ఒకే డీఎన్ఏ మార్పు, రెండుసార్లు వస్తోందన్నారు. ముందుగా హెడర్‌లో రిఫరెన్స్ జీనోమ్ (పోల్చి చూసే ప్రామాణిక డీఎన్ఏ వరుస) ఏదో చూడండి. బీఆర్ఏఎఫ్ జన్యువులోని వీ600ఈ మార్పునే తీసుకోండి: 7వ క్రోమోజోమ్‌పై పాత రిఫరెన్స్ కూర్పు జీఆర్‌సీహెచ్37 ప్రకారం దాని స్థానం 140453136, కొత్త కూర్పు జీఆర్‌సీహెచ్38 ప్రకారం 140753336. మార్పు ఒకటే, చిరునామాలు రెండు. పాత ఫైలును లిఫ్ట్‌ఓవర్‌తో (స్థానాలను ఒక కూర్పు నుంచి మరోదానికి మార్చే సాధనం) 38కి మార్చండి. ముడి రీడ్లు (సీక్వెన్సింగ్ యంత్రం చదివిన డీఎన్ఏ తునకలు) చేతిలో ఉంటే వాటిని 38తో మళ్లీ అలైన్ చేయడమే (సరిపోల్చి అమర్చడమే) మేలు.

ఆ తర్వాత, అదే రిఫరెన్స్ ఇచ్చి, బీసీఎఫ్‌టూల్స్ అనే సాధనంలోని నార్మ్ ఆదేశం నడపండి. ఇన్సర్షన్లు (చేరిన అక్షరాలు), డిలీషన్లు (పోయిన అక్షరాలు) ఎడమకు జరిగి ఒకే తీరులోకి వస్తాయి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే, డూప్లికేట్లు మిగిలిపోయేదీ ఇక్కడే. క్రోమోజోమ్ పేరు ఒక ఫైల్లో ‘సీహెచ్ఆర్7’, ఇంకోదాంట్లో ఉత్త ‘7’ అని ఉంటే అదీ సరిచేయండి.

ఇక రెండు ల్యాబులు రాసిన రోగ లక్షణాల సంగతి: ఒకరు మూర్ఛ, మరొకరు ఫిట్స్ అని రాస్తే కంప్యూటర్‌కు అవి వేర్వేరు. రెండింటికీ హెచ్‌పీఓ (రోగ లక్షణాలకు ప్రామాణిక కోడ్లిచ్చే పదజాలం) కోడ్ హెచ్‌పీ:0001250 వేయండి.