బొప్పాయి పాలతో ప్రయోగం మొదలుపెట్టే ముందు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు బొప్పాయి పాలలో ఉండే, ప్రోటీన్లను కోసే ఎంజైము పపెయిన్‌ను ఎంచుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంతో సంతోషం కలిగింది. సిస్టీన్ ప్రోటియేజ్‌ల (సిస్టీన్ అనే అమైనో ఆమ్లం సాయంతో ప్రోటీన్లను కోసే ఎంజైముల) ఆకారం ఎలా ఉంటుందో లోకానికి మొదట చూపింది ఇదే. 1968లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో యాన్ డ్రెంత్ బృందం ఎక్స్‌రేలతో ఆ పని చేసింది.

ప్రయోగశాలలో అడుగుపెట్టే ముందు ఆ ఆకారాన్ని నీ చేత్తో కాగితం మీద గీయి. 212 అమైనో ఆమ్లాల గొలుసు రెండు భాగాలుగా ముడుచుకుంటుంది, వాటి నడుమ లోతైన చీలిక ఉంటుంది. కోత జరిగేది అక్కడే. ఒక గట్టున 25వ స్థానంలో సిస్టీన్, ఎదుటి గట్టున 159వ స్థానంలో హిస్టిడిన్. ఆ సిస్టీన్‌లోని గంధకమే ప్రోటీన్‌లోని బంధాన్ని తెంచే పనికి పూనుకుంటుంది. నీ ప్రాజెక్టంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇది పనిలోకి దిగాలంటే రెండు అడ్డంకులు తొలగాలి. ఆ రెంటినీ కలిపేయకు. కణంలో తయారైనప్పుడు గొలుసు ముందు వందకు పైగా అమైనో ఆమ్లాల ముక్క అదనంగా ఉండి, చీలికను మూసేస్తుంది. చెట్టు సొంత ప్రోటీన్లకు అదే రక్ష. కాయకు సన్నని గాటు పెట్టి చూడు: నీళ్లలా జారిన పాలబొట్టు చూస్తుండగానే తోడుకున్న పెరుగులా గట్టిపడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే ఆ ముక్క కూడా తెగిపోతుంది. అంటే పాలు నీ సీసాకు చేరేసరికి మొదటి అడ్డంకి దాదాపు తొలగినట్టే.

రెండోది నీ చేతిలో ఉంది. గాలి సోకితే గంధకం ఆక్సీకరణ చెందుతుంది, లోహపు అయాన్లు కూడా దాన్ని పట్టేస్తాయి. సిస్టీన్ కలిపితే గంధకం తిరిగి పనికొస్తుంది, ఈడీటీఏ లోహాలను లాగేస్తుంది. ఇవి వేయకుండా, ఆవుపాల ప్రోటీనైన కేసీన్‌పై పరీక్షించి, ఎంజైము లేదని రాసేసిన విద్యార్థులను చాలామందిని చూశాను. సిస్టీన్ వేసిన గొట్టం, వేయనిది పక్కపక్కన పెట్టు. ఆ తేడాయే నీ అసలు ఫలితం. సిస్టీన్ ప్రోటియేజ్‌లను ఆపేసే ఈ-64 దొరికితే మూడో గొట్టంలో, సిస్టీన్ వేశాకే కలుపు. కోత ఆగితే అది సిస్టీన్ ప్రోటియేజ్ పనే అనుకోవచ్చు. అంతమాత్రాన పపెయిన్ ఒక్కటే అని రాయకు, ఆ పాలలో కైమోపపెయిన్, కెరికెయిన్ అనే అదే రకం ఎంజైములు కూడా ఉంటాయి.

పాలు తెల్లవారుజామునే, పచ్చికాయ నుంచి తియ్యి. స్టీలు బ్లేడు, గాజు పాత్ర వాడు, ఇనుము తగలనివ్వకు. చేతి తొడుగులు తప్పనిసరి, ఆ పాలకు చర్మం మండుతుంది. మన వరంగల్ ఎండలో ఐసు పెట్టె లేకుండా తోటకు వెళ్లకు. గాటు పడ్డ కాయకు మార్కెట్లో ధర రాదు, కాబట్టి రైతును ముందే అడిగి కాయ ఖరీదు ఇచ్చెయ్యి.

పోలిక కోసం ఉంచే బ్లాంకు గొట్టంలో ఎంజైము కంటే ముందే, దాని పనిని ఆపేసే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోయాలి. మొదటి రీడింగులు రాగానే, బ్లాంకు విలువలతో సహా నాకు పంపు.

మీ మామయ్య