సమాధానం: కాలు విరిగి ఇంట్లో ఉన్న తొమ్మిదో తరగతి పాపకు పాఠాలు ఎలా?

సీతంపేట దగ్గర ఊరు, సిగ్నల్ మేడ మీదే వస్తుంది, పాప రెండు నెలలు బడికి వెళ్లలేదు అన్నారు కదండీ. టెన్షన్ పడకండి. నేను విజయనగరం వైపు టీచర్‌ని, ఇలాంటివి చూస్తూనే ఉంటాం.

ముందు డాక్టర్ చీటీ జత చేసి హెడ్మాస్టర్ గారికి లెటర్ ఇవ్వండి. హాజరు సంగతి అక్కడే తేలాలి. నోటిమాటగా చెబితే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

లైవ్ క్లాసులు మీ సిగ్నల్‌కి దండగ. ఫోన్‌లో దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్ వేసుకోండి. పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గర నలుపు తెలుపు గళ్ల చతురస్రం ఉంటుంది చూడండి, అదే క్యూఆర్ కోడ్. మేడ మీద స్కాన్ చేసి, వీడియో డౌన్‌లోడ్ పెట్టేస్తే, కింద మంచం మీద నెట్ లేకుండానే చూసుకోవచ్చు. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంటే పీఎం ఈ-విద్య అనే ప్రభుత్వ పాఠాల టీవీ చానెళ్లు కూడా వస్తాయి, నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. 2020లో బడులు మూసినప్పుడు సప్తగిరి చానెల్లో పాఠాలు వచ్చేవి గుర్తుందా, అలాంటిదే.

కానీ వీడియో చూస్తే లెక్కలు రావు, చేస్తేనే వస్తాయి. చేసిన లెక్కను పగటి వెలుతురులో, ఫొటోకి ఒక్క పేజీ చొప్పున తీసి సార్‌కి వాట్సాప్ చేయండి. ఎక్కడ ఆగిపోయిందో పాపనే వాయిస్ మెసేజ్‌లో చెప్పమనండి. రాత్రి పదింటికి మాత్రం పంపకండి, మాకూ ఇల్లుంది!

నోట్సు రోజూ అడగొద్దు. శనివారం సాయంత్రం స్నేహితురాలి పుస్తకం తెచ్చుకుని, సోమవారం పొద్దున్నే ఇచ్చేస్తే సరిపోతుంది. పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు అర్థం కాకపోతే పక్క పేజీలో తెలుగు ఉంటుంది, ముందు అది చదవమనండి.