పెళ్లిరోజుకు బాలి విల్లా: చీటీ పాడాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. మావారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. వచ్చే మే నెలకు మా పెళ్లయి 25 ఏళ్లు నిండుతాయి. బాలిలో ఉబుద్ దగ్గర కొండవాలులో, ఊరికి దూరంగా, ఒక్కో విల్లాకు సొంత స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్టు ఒకటి చూశాను. అక్కడ ఐదు రాత్రులు ఉండాలని నా కోరిక. ట్రావెల్ ఏజెంట్ ఇద్దరికీ కలిపి 3 లక్షల 60 వేలు చెప్పాడు, 24 నెలల ఈఎంఐ కూడా ఇప్పిస్తానన్నాడు. మావారేమో నడుస్తున్న 5 లక్షల చీటీ పాడేద్దామంటున్నారు. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది గానీ, అది మా అబ్బాయి బీటెక్ చివరి రెండేళ్ల ఫీజు కోసం దాచింది. ఇంటి లోన్ తప్ప వేరే అప్పు లేదు. ఇంత ఖర్చు పెట్టడం తప్పా? ఏ డబ్బు తీయమంటారు? ఏజెంట్ ఇచ్చిన పట్టీ జత చేస్తున్నాను.

జవాబు: టీచర్ గారూ, తప్పు కానే కాదు. పాతికేళ్లు ఇల్లు, ఉద్యోగం, పిల్లాడి చదువు మోసిన ఇద్దరు ఐదు రోజులు ప్రశాంతంగా ఉండాలనుకుంటే దాన్ని దుబారా అనను. వెళ్లండి. కాకపోతే మీరు చెప్పిన మూడు దారుల్లో దేని డబ్బూ వద్దు. మే నెలకు ఇంకా పది నెలలున్నాయి కాబట్టి నాలుగో దారి ఉంది. దానికి ముందు అసలు ఖర్చెంతో తేల్చుకోవాలి, ఎందుకంటే అది 3 లక్షల 60 వేలు కాదు.

పట్టీలో విల్లా అద్దె రాత్రికి 35 వేలు అని ఉంది, పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయి చూశారా? బాలి ఉన్న ఇండోనేషియా హోటళ్లలో వాటికి అర్థం సర్వీస్ ఛార్జి, పన్ను విడిగా పడతాయని. రెండూ కలిపి 21 శాతం. ఐదు రాత్రుల అద్దె లక్షా 75 వేల మీద అదొక్కటే 36,750 రూపాయలు. మీ ఏజెంట్ దాన్ని మొత్తంలో కలపలేదు, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాశాడు.

తర్వాత తిండి. ఊరికి దూరంగా కొండవాలు మీద ఉండే రిసార్టులో ఏకాంతానికి విడిగా బిల్లు పడుతుంది. గేటు దాటితే టిఫిన్ సెంటర్ ఉండదు, నడిచి వెళ్లేంత దూరంలో కిరాణా కొట్టు కూడా ఉండకపోవచ్చు. కాఫీ కావాలన్నా వాళ్ల కిచెన్ నుంచే రావాలి, దాని మీదా ఆ 21 శాతం పడుతుంది. మీ ప్యాకేజీలో ఉదయం టిఫిన్ మాత్రమే ఉంది. మిగతా రెండు పూటలకు ఇద్దరికీ రోజుకు 7 వేలు వేసుకోండి, ఐదు రోజులకు 35 వేలు. బయట తిరగడానికి డ్రైవర్‌తో కారు రోజుకు 4 వేల చొప్పున మూడు రోజులకు 12 వేలు. వీసా ఆన్ అరైవల్, అంటే అక్కడ దిగాక ఇచ్చే వీసా, మనిషికి 5 లక్షల రుపియాలు, 2024 ఫిబ్రవరి నుంచి బాలి ప్రభుత్వం తీసుకుంటున్న పర్యాటక రుసుము మరో లక్షన్నర రుపియాలు. అంకె చూసి భయపడకండి, ఇద్దరికీ అన్నీ కలిపి మన డబ్బులో 7 వేల దాకా అవుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ 3 వేలు. మొత్తం కూడితే 4 లక్షల 53 వేలు దాటుతోంది.

ఏజెంట్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తాడు. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే పన్ను. రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. మీది జీతం కాబట్టి ప్యాకేజీ మీ పేరున కొని, ఆ వివరం మీ జీతం బిల్లు చేసే అధికారికి (డీడీఓ) ఇస్తే జీతంలో కోసే టీడీఎస్ ఆ మేరకు తగ్గించుకోవచ్చు. అయినా బుక్ చేసే రోజుకి ఆ డబ్బు చేతిలో ఉండాలి, అది మర్చిపోవద్దు.

ఇప్పుడు మీ మూడు దారులు. ఈఎంఐ సంగతి చూద్దాం. 4 లక్షలు, 14 శాతం, 24 నెలలు అనుకుంటే నెలకు సుమారు 19,200, మొత్తం వడ్డీ 61 వేల దాకా. వడ్డీ కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కట్టాల్సిన నెలలు. మీ వారి సంపాదన బరువంతా ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆగస్టు, సెప్టెంబరుల్లో యార్డులో కోల్డ్ స్టోరేజీ సరుకు తప్ప పెద్దగా ఏముంటుంది? ఆ నెలల్లో ఇంటి లోన్, ఈ ఈఎంఐ, అబ్బాయి ఫీజు మూడూ మీ ఒక్కరి జీతం మీద పడతాయి.

చీటీ ఇంకా నష్టం. 25 నెలల చీటీలో సగం కూడా కాకముందే పాడాలంటే బాగా తగ్గించి పాడాలి. లక్షా పదివేలు వదులుకుంటే చేతికి 3 లక్షల 90 వేలు వస్తుంది. వదులుకున్న దాంట్లో కంపెనీ కమీషన్ 5 శాతం, అంటే 25 వేలు పోను, మిగతాది పాతిక మందికి పంచితే మీ వాటా 3,400. వాయిదాలు చివరిదాకా కట్టాల్సిందే. ఇంకో మాట, పాడిన డబ్బు ఇవ్వాలంటే కంపెనీ జామీను అడుగుతుంది. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే ముందు అడిగేది వాళ్ల జీతాన్నే. విహారయాత్ర కోసం మీ జీతం జామీనులో పెట్టడం నాకు ఇష్టం లేదు. చీటీని అలాగే నడవనివ్వండి, చివరి నెలల్లో తీసుకుంటే పోయేది తక్కువ. ఎఫ్‌డీ గురించి మీరే జవాబు రాశారు, అది అబ్బాయిది.

ఇక నేను చెప్పేది. ఐదు రాత్రులూ ఆ విల్లాలోనే వద్దు, చివరి రెండు రాత్రులు చాలు. మొదటి మూడు రాత్రులు ఉబుద్ ఊళ్లో రాత్రికి 6 వేలలో శుభ్రమైన గెస్ట్‌హౌస్ తీసుకోండి. బజారు, గుళ్లు, తెగల్లాలంగ్ మడి పొలాలు, తిరుగుడంతా అక్కడి నుంచే పూర్తి చేసి, ఇక ఎక్కడికీ కదలక్కర్లేదు అన్నప్పుడు కొండకు వెళ్లండి. పన్నుతో కలిపి రాత్రికి 42 వేలు పోసిన విల్లాకు తాళం వేసి పగలంతా కారులో తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. మనసుకు కష్టంగా ఉంటుంది. ఇలా చేస్తే బసలో లక్షా 9 వేలు, తిండిలో ఓ 15 వేలు తగ్గి మొత్తం 3 లక్షల 30 వేలకు దిగుతుంది.

ఈ డబ్బు కోసం స్వీప్ సౌకర్యం (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారడం) ఉన్న సేవింగ్స్ ఖాతా ఒకటి విడిగా తెరవండి. జీతం పడిన మర్నాడే 18 వేలు అందులోకి వెళ్లిపోవాలి, పది నెలల్లో లక్షా 80 వేలు. జనవరి, ఫిబ్రవరుల్లో విమానం టికెట్లు దాంట్లోంచే కొనండి. పది నెలల అవసరానికి షేర్ల ఫండ్లు పనికిరావు, ఎవరు చెప్పినా వినకండి. మిగతా లక్షా 50 వేలు మీ వారి సీజన్ కమీషన్ నుంచి రావాలి.

సీజన్ బాగుంటుందని ఎలా నమ్మడం అంటారా? నమ్మక్కర్లేదు. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆ దెబ్బ మీ ఇంట్లో నాకన్నా మీకే బాగా తెలుసు. సరుకు విలువ మీద కమీషన్ కాబట్టి ధర పడితే మీ ఆదాయమూ పడుతుంది. అందుకే విల్లా గది రద్దు చేసుకునే వీలున్న రేటుకే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. ఆఖరి రద్దు తేదీ ఏప్రిల్ మధ్యలో ఉండేలా చూసుకోండి. అప్పటికి సీజన్ ఎలా ఉందో తెలిసిపోతుంది. బాగా లేకపోతే రెండు రాత్రులను ఒకటి చేయండి, లేదా గెస్ట్‌హౌస్‌తోనే సరిపెట్టుకోండి. టికెట్లు వృథా కావు.

మే నెల ఎంచుకోవడం మంచిదైంది. మీకు వేసవి సెలవులు, యార్డుకూ సెలవులిచ్చే కాలం. బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానలు, మేకి తగ్గిపోతాయి. జులై, ఆగస్టు రద్దీకి ముందు కాబట్టి రేట్లూ కొంచెం నయం.

బుక్ చేసే ముందు రిసార్టుకు మీరే మెయిల్ పెట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రిసెప్షన్ నుంచి విల్లాకు ఎన్ని మెట్లు, బగ్గీ (చిన్న బ్యాటరీ బండి) వస్తుందా? కొండవాలు రిసార్టుల్లో విల్లాలు లోయలోకి దిగుతూ ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే కింది వరసలో గది వద్దని ముందే చెప్పాలి. ఉబుద్‌కు ఉచిత షటిల్ ఉందా? ఉంటే కారు ఖర్చు సగం తగ్గుతుంది. చెక్‌ఇన్‌లో డిపాజిట్‌గా కార్డు మీద ఎంత డబ్బు బ్లాక్ చేస్తారు? ఆ బ్లాక్ క్రెడిట్ కార్డు మీద పెట్టించండి, ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) మీద పెడితే మీ ఖర్చుల డబ్బే ఇరుక్కుపోతుంది. కొనుగోళ్లకు మాత్రం రుపియాల్లోకి మార్చినందుకు అదనపు రుసుము వేయని ఫారెక్స్ కార్డే వాడండి. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా, దానిపై జీఎస్టీ కూడా వేస్తాయి. కార్డు గీకే మెషీన్ మీద రూపాయల్లోనా, రుపియాల్లోనా అని అడిగితే రుపియాలే నొక్కండి.

అక్కడ అందరూ స్కూటర్ అద్దెకు తీసుకుంటున్నారని మీ వారికి ఉత్సాహం రావచ్చు. మోటారు సైకిల్‌కు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు. తీసుకోకపోతే స్కూటర్ జోలికి పోవద్దు.

పాస్‌పోర్టులకు ప్రయాణ తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో ఈ వారమే చూడండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి. ఫైలు కదలడానికి టైం పడుతుంది, దరఖాస్తు దసరా సెలవుల లోపే పెట్టేయండి. అనుమతి చేతికి వచ్చాకే టికెట్లు కొనండి.