మరిదిని క్షమించాలంటే నా బంగారం వదులుకోవాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర ఒక పల్లె. పొగాకు వేస్తాం. మావారు సంఘ పెద్ద, నేను సండే స్కూలులో పాఠం చెబుతాను. దాదాపు మూడేళ్ల కిందట మా మరిది నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని, రొయ్యల పట్టుబడి కాగానే ఇచ్చేస్తానంటే, మావారు నా పన్నెండు సవర్ల బంగారం బ్యాంకులో పెట్టి మూడు లక్షలు తెచ్చి ఇచ్చారు. నన్ను అడిగారనడం కంటే నాకు చెప్పారనడం నిజం. నూటికి రెండు రూపాయల వడ్డీకి మావారి పేరున నోటు రాసుకున్నారు. ఆ పంట వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి పోయింది. తర్వాతి పంటలు చేతికొచ్చాయి గాని మాకు ఒక్క రూపాయి రాలేదు. ఏటా వడ్డీ కట్టి బంగారం లోను తిరగరాయిస్తున్నది మేమే. క్రిస్మస్ తర్వాత ఒక ఆదివారం మరిది గుడిలో నిలబడి, దేవుడు తనను నష్టాల్లోంచి లేవనెత్తాడని సాక్ష్యం చెప్పి, పదివేలు కృతజ్ఞతార్పణ ఇచ్చాడు. నేను కీర్తనల పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. అప్పటి నుంచి ప్రభువు బల్లలో, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారంలో, పాలుపంచుకోవడం లేదు. ఇంకో రెండు నెలల్లో నోటుకు మూడేళ్లు నిండుతాయి. మావారేమో ‘తమ్ముణ్ణి క్షమించాను, ఆ మాట ఎత్తకు’ అంటున్నారు. అత్తగారు ‘విశ్వాసురాలివై ఉండి డబ్బు కోసం కుమిలిపోతావా’ అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నిజంగా నాలో విశ్వాసం లేదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరన ఉన్న ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది డబ్బు కన్నా ఆ ప్రశ్నే అని నాకు అనిపించింది. అన్యాయం జరిగిందని బాధ కలగడం విశ్వాసం లేకపోవడం కాదు. బైబిలు కీర్తనలలో ఎన్నో దేవుని ముందు మొరపెట్టుకున్నవే, కొన్నిటిలో స్నేహితుడు చేసిన ద్రోహం మీద కోపం దాచకుండా బయటపెట్టినవి కూడా ఉన్నాయి. మనసులో కోపం ఉంచుకుని రొట్టె అందుకోవడానికి మీ మనస్సాక్షి ఒప్పుకోలేదంటే, మీకు ఆ బల్ల అంటే ఎంత గౌరవమో అర్థమవుతుంది. కనుక ఆ నింద మీ మీద వేసుకోకండి, ఇతరులు వేస్తే మోయకండి.

ఇక మీవారి ‘క్షమించాను’ అన్న మాట దగ్గరకు వద్దాం. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో దాసుని అప్పు కొట్టివేసిన రాజు తన ఖజానాకు రావలసిన దాన్నే కొట్టివేశాడు. నష్టమంతా తానే భరించాడు. అందుకే అది కనికరమైంది. మీ ఇంట్లో జరిగిందేమిటి? బ్యాంకులో ఉన్నది మీ బంగారం. క్షమించానని అన్నది మీవారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మన పెద్దలు నవ్వుతూ అనే మాటకు దీనికీ పెద్ద తేడా నాకు కనిపించడం లేదు. మీవారి మనసు మంచిదే అయి ఉండవచ్చు, తమ్ముడి మీద పగ లేకపోవడం మెచ్చుకోవలసిందే. అయితే ఆ మంచితనానికి ఏటా వడ్డీ కడుతున్నది ఇల్లంతా, తాకట్టులో ఉన్నది భార్య ఒంటి మీది బంగారం అయినప్పుడు, అది భార్య నోటితో కూడా రావలసిన మాట. చట్టం కూడా అదే అంటుంది: క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి ఆస్తి మీద మరొకరికి హక్కు ఏర్పడదు. మీవారితో సెక్షన్లు మాట్లాడమని దీన్ని చెప్పడం లేదు. ‘నా బంగారం’ అనడం స్వార్థమేమో అన్న జంకు మీ ఉత్తరంలో కనిపించింది కాబట్టి, ఆ జంకు తీరడానికి చెబుతున్నాను.

క్షమించడమంటే అప్పు మాట ఎత్తకపోవడమని మన సంఘాల్లో ఒక అభిప్రాయం ఎలా పాతుకుపోయిందో గాని, వాక్యంలో దానికి ఆధారం వెతికితే దొరకడం కష్టం. లూకా సువార్త 17వ అధ్యాయం 3వ వచనంలో, సహోదరుడు తప్పు చేస్తే ముందు గద్దించమని, అతడు మారుమనస్సు పొందితే క్షమించమని ఉంది. గద్దించడం అనే మెట్టును మనం మొహమాటం కొద్దీ దాటేస్తాం. రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో, అప్పులవాడు తన ఇద్దరు పిల్లలను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడని ఏడ్చిన విధవరాలి కోసం ఎలీషా ప్రవక్త ఇంట్లో ఉన్న కొద్దిపాటి నూనెతో పాత్రలన్నీ నిండేలా అద్భుతం చేశాడు సరే, ఆ నూనె ఏం చేయమన్నాడు? అమ్మి అప్పు తీర్చమన్నాడు, మిగిలిన దానితో తల్లీ పిల్లలను బతకమన్నాడు. అన్నిటికన్నా మీ విషయానికి దగ్గరగా ఉన్నది ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక. ఫిలేమోను దాసుడైన ఒనేసిమును చేర్చుకోమని, దాసుడిగా కాక సహోదరుడిగా చూడమని అంత ప్రేమతో అడిగిన పౌలు, అతడు నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని తన చేతితో రాస్తున్నానని ప్రత్యేకంగా చెప్పాడు. మన పల్లె భాషలో చెప్పాలంటే నోటు రాసిచ్చినట్టే. ప్రేమ ఉంది కదా, లెక్క ఎందుకని ఆయన అనుకోలేదు.

కాబట్టి ఈ రెండు నెలల్లో చేయవలసిన పని గురించి స్పష్టంగా చెబుతాను. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువు దాటకముందే మీ మరిది ఎంతో కొంత చెల్లించి, ఆ చెల్లు నోటు వెనుక తన చేతితో రాసి, తేదీ వేసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. చెల్లు వెయ్యి రూపాయలదైనా సరిపోతుంది. ఆ వెయ్యి కూడా ఇప్పుడు లేదంటే బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ గడువులోపల సంతకం చేసిన కాగితమైనా పనికివస్తుంది, లేదా పాత నోటు తీసుకుని కొత్త నోటు రాయించుకోవచ్చు. గడువు దాటాక కూడా అతడు ఇష్టపూర్వకంగా రాసిస్తే చెల్లుతుంది గాని, అప్పుడు అదంతా అతడి ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. చెల్లు రాయించుకోవడం కోర్టుకెక్కడం కాదు, తమ్ముణ్ణి అనుమానించడం కూడా కాదు. పొగాకు వేలం కేంద్రంలో బేలు బేలుకూ బరువు, ధర కాగితం మీద పడనిదే ఇంటికి రాని మీవారికి, కాగితం విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఈ మాట ఆయనతో ఎప్పుడు, ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం. అత్తగారి ముందు వద్దు, ఆదివారం గుడి నుంచి వచ్చిన వెంటనే అసలే వద్దు. బంగారం లోను తిరగరాసినప్పుడల్లా కట్టిన వడ్డీ రశీదులు తీసి, ఒక తెల్లకాగితం మీద ఏ ఏడు ఎంత కట్టారో వరుసగా రాసి, ఇద్దరే ఉన్నప్పుడు ఆయన ముందు పెట్టండి. ‘మీ తమ్ముడు మోసగాడు’ అని మొదలుపెడితే ఆయన వెంటనే అన్న అయిపోతారు. ‘మనం ఇప్పటిదాకా ఇంత కట్టాం, ఇంకెన్నాళ్లు కట్టగలం’ అని మొదలుపెడితే ఇంటి యజమానిగా వింటారు. సంఘ పెద్ద ఇంట్లో అన్నదమ్ముల డబ్బు తగాదా అని నలుగురూ అనుకుంటారన్న భయం ఆయనకు ఉండి ఉంటుందని నా ఊహ. ఆ భయాన్ని ఆయన క్షమాపణ అనుకుంటూ ఉండవచ్చు. ఆ సంగతి ఆయనంతట ఆయనే గ్రహించాలి, మీరు ఎత్తిచూపితే దెబ్బలాటే మిగులుతుంది.

నిజంగా ఔదార్యం చూపించడానికి మీ ఇద్దరికీ చోటు ఉంది. నోటులోని వడ్డీ నూటికి రెండు రూపాయలంటే మూడు లక్షలకు నెలకు 6,000, ఏడాదికి 72,000, మూడేళ్లకు 2,16,000 అవుతుంది. సొంత తమ్ముడి దగ్గర అంత వడ్డీ రాబట్టడం మీ మనసుకూ నచ్చదనుకుంటాను. అసలు మూడు లక్షలూ, బ్యాంకుకు మీరు నిజంగా కట్టిన వడ్డీ మాత్రమే అడిగి, మిగిలింది వదిలేస్తున్నామని ఇద్దరూ కలిసి చెబితే, ఆ వదులుకోవడం మీది అవుతుంది. అది కూడా మీ చేత బలవంతంగా ఒప్పించినదైతే వద్దు.

మీ మరిది విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి. రొయ్యల రైతు చేతికి పట్టుబడి డబ్బు మొత్తం రాదు. అప్పు మీద మేత, మందులు ఇచ్చిన వ్యాపారి ముందు తన బాకీ మినహాయించుకుంటాడు. లీజు, కరెంటు, కూలి పోగా మిగిలేది ఒక్కోసారి గొప్పగా ఉండదు. పంటలు చేతికొచ్చాయి కాబట్టి డబ్బు దాచుకున్నాడని తేల్చేయకుండా, లెక్క చెప్పమని అడగండి. అయితే పదివేల కృతజ్ఞతార్పణ మాత్రం నాకు కూడా మింగుడు పడలేదు. అర్పణ తెచ్చి బలిపీఠం దగ్గర ఉండగా, నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట బాకీ ఉన్నవాడికే తగులుతుంది. ఆ ఆదివారం లేచి వెళ్లవలసింది మీరు కాదు. ఈ సంగతి అతడికి చెప్పవలసినవారు అన్నగారు, అదీ ఇద్దరే ఉన్నప్పుడు, మత్తయి 18వ అధ్యాయం 15వ వచనం చెప్పిన పద్ధతిలో.

సాయాన్నీ విశ్వాసాన్నీ ఒకే లెక్కలో కలపకుండా చూడడం మన ఒంగోలు ప్రాంతపు సంఘాలకు కొత్త సంగతి కాదు. 1876–78 నాటి ధాత కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి కల్పించారు. కాని గింజల కోసం వచ్చినవారెవరో నమ్మి వచ్చినవారెవరో తేలదని, కరవు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచారు. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మీ మరిది సాక్ష్యం చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. అదే నియమం మీకూ వర్తిస్తుంది: బల్ల తీసుకోకపోవడం మరిదికి తెలిసి సిగ్గుపడాలన్న ఉద్దేశం మీలో ఏ మూలనైనా ఉంటే, దాన్ని మానుకోండి.

అత్తగారితో వాదన అనవసరం. కొడుకులిద్దరూ ఒకే కంచంలో తినాలని కోరుకునే తల్లి మాటను వాక్యంగా తీసుకోవద్దు, వైరంగానూ తీసుకోవద్దు. తోడికోడలితో మాట మానేయకండి. నోటు మీద ఆమె సంతకం లేదు. ఇంకొకటి, స్త్రీల సమాజంలో దీన్ని ప్రార్థన అంశంగా చెప్పకండి. మన కూడికల్లో ప్రార్థన అంశం రాత్రికి ఊరంతా తిరిగి, ఉదయానికి మీ మరిది చెవిన మరో రూపంలో పడుతుంది, ఆ తర్వాత అతడు బాకీ సంగతి వదిలి పరువు సంగతి మాట్లాడతాడు.

మీవారు ఎంత చెప్పినా కదలకపోతే, పాస్టరుగారినీ, ఇరువైపులా గౌరవం ఉన్న మరొక పెద్దనూ ఇంటికి పిలిచి కూర్చోబెట్టండి. మీవారే సంఘ పెద్ద కనుక విషయాన్ని పెద్దల కమిటీలో పెట్టడం మంచిది కాదు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు న్యాయస్థానానికి వెళ్లడాన్ని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో తప్పుపట్టాడు. అయితే అదే చోట మీలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని సంఘాన్ని నిలదీశాడు కూడా. సంఘం ఆ పని చేయలేకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. ఉచిత న్యాయ సహాయం పొందడానికి స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా అర్హత ఉంది. ఒంగోలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే దారి చెబుతారు. నోటు మీవారి పేరున ఉంది కాబట్టి దాని మీద చర్య తీసుకోవలసింది ఆయనే అన్నది మాత్రం గుర్తుంచుకోండి.

లెక్క చూశాక మరిది నిజంగానే చితికిపోయి ఉన్నాడని తేలితే అది వేరే సంగతి. అప్పుడు అసలులో కొంత వదులుకోవాలా, పంటకు ఇంత అని వాయిదాలు పెట్టాలా అన్నది మీరిద్దరూ ప్రార్థన చేసుకుని నిర్ణయించుకోండి; మీకు మనసొప్పని రోజున ‘ఇంకా ఒప్పలేదు’ అని చెప్పే స్వేచ్ఛ మీకు ఉండాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం బల్లకు వెళ్లండి. మరిది చెల్లు రాసేదాకా ఆగనక్కర లేదు. అతడికి చెడు జరగాలని కోరుకోవడం లేదని ప్రభువు ముందు చెప్పగలిగితే చాలు, కోపం పూర్తిగా చల్లారడానికి ఇంకా సమయం పట్టినా ఫరవాలేదు. నిద్ర లేకపోవడం ఇలాగే కొన్ని వారాలు సాగితే డాక్టరుకు చూపించుకోవడానికి సందేహించకండి. ఈలోపు నోటు ఎక్కడుందో చూసి, దాని మీద ఉన్న తేదీని ఒకసారి మీ కళ్లతో చదివి, రెండు వైపులా నకలు తీయించి, బ్యాంకు రశీదులతో కలిపి మీ దగ్గర పెట్టుకోండి. మొదటి చెల్లు ఎంత వచ్చినా, అది నేరుగా బంగారం లోనుకే జమ కావాలని మీవారితో ముందే ఒప్పందం చేసుకోండి.